నెల్లూరు, ఒంగోలు నుంచి తొలి సర్ఫింగ్‌ యాత్రకు ఎలా సిద్ధం కావాలి

నెల్లూరు నుంచి మైపాడుకు సుమారు పాతిక కిలోమీటర్లు, ఒంగోలు నుంచి కొత్తపట్నానికి ఇరవై కిలోమీటర్లలోపే. సముద్రం ఇంత దగ్గరలో ఉన్నా, మన జిల్లాల్లో చాలామందికి దానితో ఉన్న పరిచయం కార్తీక పౌర్ణమి స్నానం, ఆదివారం సాయంత్రం ఒడ్డున నడక వరకే. అల మీద బోర్డు వేసుకుని నిలబడాలన్న కోరిక ఉన్నవారు ఆ పరిచయాన్ని ఏ క్రమంలో పెంచుకోవాలో, తొలి యాత్రను ఎలా సమకూర్చుకోవాలో ఇక్కడ వివరిస్తాను.

అన్నిటికంటే ముందు ఒక నిర్ణయం తీసుకోవాలి. తొలి యాత్రకు చోటు ఎంచుకునేటప్పుడు నడుము లోతు నీరు, ఇసుక నేల, పక్కనే నిలబడి నేర్పే గురువు అనే మూడింటినీ చూడండి. ఈ మూడూ ఒకేచోట నిలకడగా దొరికే ఊళ్లలో మనకు దగ్గరిది చెన్నైకి దక్షిణాన ఉన్న కోవళం. అందువల్ల తొలి పాఠాలు కోవళంలో నేర్చుకుని, ఆ తర్వాతే మన మత్స్యకారుల పాలేల ముందు సాధన చేయాలన్నది నా గట్టి అభిప్రాయం. ఈ క్రమాన్ని తిరగేసి, వీడియోలు చూసి నేరుగా మైపాడులో బోర్డుతో దిగడం ప్రాణాలతో చెలగాటమే.

ముందుగా ఈత

బావిలోనో, చెరువులోనో, పెన్నా కాలువలోనో నేర్చిన ఈత మంచి పునాదే గాని సముద్రానికి అది చాలదు. బావి నీరు నిలకడగా ఉంటుంది, నాలుగు బారలు వేస్తే గట్టు అందుతుంది. సముద్రంలో నీరు మిమ్మల్ని ముందుకు నెట్టి, వెనక్కు లాగి, మధ్యలో తల మీదుగా పోతుంది, ఆ గందరగోళంలో శ్వాసను అదుపులో పెట్టుకోగలగడమే అసలు ఈత. యాత్రకు కనీసం రెండు మూడు నెలల ముందే పట్టణంలోని ఈతకొలనులో చేరండి. ఆగకుండా 200 మీటర్లు ఈదగలగడం, కాళ్లు నేలకు తగలకుండా పది నిమిషాలు ఒకేచోట తేలగలగడం, అలసిపోయినప్పుడు వెల్లకిలా పడుకుని ఊపిరి తీసుకోగలగడం అనే మూడూ వచ్చాకే రైలు టికెట్టు కొనండి. ఈత రానివారిని కూడా కొన్ని సర్ఫింగ్‌ బడులు నడుము లోతులో తీసుకుంటాయి. అది వారు గురువు చేయిపట్టుకుని ఉన్నంతసేపు ఇచ్చే సౌకర్యమే తప్ప, ఈత అవసరం లేదన్న హామీ కాదు.

ఇంట్లో చేయవలసిన మరో సాధన ఉంది. నేల మీద చాప పరచి బోర్లా పడుకుని, రెండు అరచేతులు ఛాతీ పక్కన ఆనించి, ఒక్క ఊపులో లేచి పక్కకు తిరిగి నిలబడటం రోజూ కొన్నిసార్లు చేయండి. ముందు మోకాళ్ల మీదికి లేచి, ఆపై నిలబడే అలవాటు ఒకసారి పడితే వదిలించుకోవడం కష్టం కనుక, మొదటినుంచీ ఒకే కదలికలో లేవడం నేర్చుకోవాలి. వెనుకనుంచి ఎవరైనా మెల్లగా నెడితే ఏ కాలు అసంకల్పితంగా ముందుకు పడుతుందో గమనించండి, చాలామందికి బోర్డు మీద ముందుండవలసిన కాలు అదే అవుతుంది. భుజాలకు, వీపుకు బలం తెచ్చే దండీలు కూడా తీయండి. సర్ఫింగ్‌లో నిలబడే సమయం క్షణాలు, చేతులతో నీటిని తోసుకుంటూ పోయే సమయం నిమిషాలు. మొదటి రోజు సాయంత్రానికి నొప్పి పుట్టేది కాళ్లలో కాదు, భుజాల్లో.

ఏ నెలలో వెళ్లాలి

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈ ఆలోచనే పెట్టుకోకండి. మన జిల్లాలకు ప్రధానమైన వాన ఈశాన్య రుతుపవనాలది, బంగాళాఖాతంలో తుపానుల కాలమూ అదే. 2023లో మిచౌంగ్‌ తుపాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన సంగతి గుర్తుండే ఉంటుంది. తుపాను దాటిపోయి ఎండ కాసినా సముద్రం వెంటనే సర్దుకోదు. ఏటి మొగల నుంచి వచ్చిన బురద నీరు, చెట్ల మొద్దులు, తెగిన వలలు తీరం వెంట కొట్టుకొస్తూనే ఉంటాయి.

సంక్రాంతి దాటాక, జనవరి చివరి నుంచి ఏప్రిల్‌ మధ్య వరకు కొత్తవారికి అనువైన కాలం. అలలు సాధారణంగా చిన్నవిగా ఉంటాయి, నీరు వెచ్చగా ఉంటుంది కనుక ప్రత్యేకమైన చలి దుస్తులు అక్కర్లేదు, ఎండ కూడా ఓర్చుకోదగినంతే ఉంటుంది. మే నెల సెలవుల్లోనే వీలుపడేవారు తెల్లవారుజాము పాఠాలకే పరిమితం కావాలి. జూన్‌ నుంచి సెప్టెంబరు వరకు దక్షిణం నుంచి వచ్చే అలలు పెద్దవవుతాయి. అనుభవం ఉన్నవారు ఎదురుచూసే కాలం అది, మీరు ఒడ్డున కూర్చుని చూసి నేర్చుకోవలసిన కాలం.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్‌ 15 నుంచి జూన్‌ 14 వరకు యాంత్రిక పడవలతో చేపల వేటపై నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో నీటిలో పడవల రాకపోకలు తగ్గుతాయి గాని, ఒడ్డంతా లాగిపెట్టిన పడవలతో, బాగుచేస్తున్న వలలతో నిండి ఉంటుంది. ఎక్కడ దిగవచ్చో మత్స్యకారులను అడిగి దిగడం అప్పుడు మరింత అవసరం.

కోవళం, అక్కడి బడి

కోవళం అనగానే చాలామంది కేరళలోని కోవళం అనుకుంటారు. ఇది చెన్నై నుంచి ఈస్ట్‌ కోస్ట్‌ రోడ్డు (ఈసీఆర్‌) మీద సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, మహాబలిపురానికి వెళ్లే దారిలో ఉన్న మత్స్యకారుల గ్రామం. బస వెతికేటప్పుడు, డబ్బు కట్టేటప్పుడు చెన్నై కోవళమేనా అని ఒకటికి రెండుసార్లు సరిచూసుకోండి. ఇక్కడ సర్ఫింగ్‌ బయటినుంచి వచ్చి స్థిరపడినవారి వ్యాపారంగా మొదలుకాలేదు. మూర్తి మేగవన్‌ అనే స్థానిక మత్స్యకారుడు తనంతట తాను నేర్చుకుని, ఊరి కుర్రవాళ్లకు నేర్పాడు. ఈనాడు పాఠాలు చెప్పే గురువుల్లో ఆ ఊరి బిడ్డలు ఉన్నారు. తమ ఇంటి ముందరి నీటిని చిన్ననాటినుంచి ఎరిగినవారు నేర్పడం కొత్తవారికి గొప్ప రక్షణ. మన పట్టపుపాలేల పిల్లలు కూడా రేపు ఇలాగే గురువులు కావాలని నేను మనసారా కోరుకుంటున్నాను. కోవళం బీచ్‌కు 2021లో శుభ్రత, భద్రత చూసి ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్‌ గుర్తింపు కూడా వచ్చింది. నెల్లూరు వారికి తమిళం కొత్త కాదు కనుక భాష ఇబ్బంది పెట్టదు.

బడికి ఫోన్‌ చేసినప్పుడు ధరతో మొదలుపెట్టకండి. గురువుకు ఇంటర్నేషనల్‌ సర్ఫింగ్‌ అసోసియేషన్‌ లేదా సర్ఫింగ్‌ ఫెడరేషన్‌ ఆఫ్‌ ఇండియా శిక్షణ పత్రం ఉందా, నీటిలో ప్రాణరక్షణ, ప్రథమ చికిత్స వచ్చా అని అడగండి. ఒక గురువు వెంట ఎంతమంది దిగుతారో అడగండి, నలుగురికి మించితే మరో బడిని చూసుకోవడం మేలు. కొత్తవారికి ఇచ్చేది మెత్తని ఫోమ్‌ బోర్డేనా, రుసుములో బోర్డుతోపాటు ఒంటికి అంటుకుని ఉండే ఈత చొక్కా అయిన రాష్‌గార్డ్‌ అద్దె కలిసి ఉందా అన్నవి తర్వాతి ప్రశ్నలు. చివరిగా, సముద్రం బాగాలేని రోజు పాఠం ఏమవుతుందని అడగండి. మరో రోజుకు మారుస్తాం, లేదా డబ్బు తిరిగి ఇస్తాం అనే బడిని నమ్మవచ్చు. ఎలా ఉన్నా దింపుతాం అని ధైర్యం చెప్పే బడిని అక్కడితో వదిలేయండి.

పాఠాలు మూడు రోజులకు, రోజుకు ఒకటి చొప్పున, సూర్యోదయానికి దగ్గరి సమయంలో పెట్టుకోండి. ఒకే రోజు రెండు పూటలా నేర్చుకుంటే డబ్బు ఆదా అవుతుందనిపిస్తుంది గాని, అలసిన భుజాలతో రెండో పూట మీరు నేర్చుకునేది తక్కువ, మింగే ఉప్పునీరు ఎక్కువ. మొదటి రోజు నీటి భయం తీరుతుంది, రెండవ రోజు ఒళ్లు నొప్పులతో నిరుత్సాహం కలుగుతుంది, మూడవ రోజుకు చాలామంది విరిగిన నురగ అలల మీద కొన్ని క్షణాలైనా నిలబడతారు. రెండవ రోజే తిరుగుప్రయాణం పెట్టుకున్నవారు ఆ నిరుత్సాహాన్ని వెంటబెట్టుకుని ఇంటికి వస్తారు కనుక, మూడవ రోజును వదులుకోకండి.

ప్రయాణం, సామాను

ఒంగోలు, నెల్లూరుల నుంచి పినాకిని ఎక్స్‌ప్రెస్‌ ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్‌ చేరుకుంటారు. అక్కడినుంచి కారులోనో, ఈసీఆర్‌ మీదుగా వెళ్లే బస్సులోనో సాయంత్రంలోగా కోవళం చేరవచ్చు. పాఠానికి ముందురోజే చేరి, పెందలాడే భోంచేసి నిద్రపోవడం ముఖ్యం. రాత్రంతా ప్రయాణించి తెల్లవారి నీటిలో దిగకూడదు. బస ఒడ్డుకు నడిచి వెళ్లేంత దూరంలో ఉంటే చాలు.

దుస్తుల విషయంలో మొహమాటం పనికిరాదు. నీటిలో చీర, చున్నీ, వదులైన కుర్తా, జీన్సు ప్యాంటు అన్నీ కాళ్లకు చుట్టుకుని ముంచేవే. పొడవు చేతుల రాష్‌గార్డ్‌, మోకాళ్లు దాటే బిగుతైన లెగ్గింగ్స్‌ ఒంటిని కప్పడమే కాక ఎండనుంచి, బోర్డు రాపిడినుంచి కూడా కాపాడతాయి. గొలుసులు, పట్టీలు, ఉంగరాలు, మెట్టెలు ఇంట్లోనే ఉంచండి. తాళి తీయడం ఇష్టం లేనివారు ఆ రోజులకు పసుపుతాడుకు మారి, దానిని రాష్‌గార్డ్‌ లోపల ఒంటికి అంటి ఉండేలా సర్దుకోవాలి. చెవులకు, ముక్కుకు, మెడ వెనుక భాగానికి జింక్‌ ఉన్న సన్‌స్క్రీన్‌ దట్టంగా రాయండి. ఓఆర్‌ఎస్‌ పొట్లాలు, మంచినీళ్లు, పొడి బట్టలు తీసుకెళ్లండి. బోర్డు కొనవద్దు, అద్దెకు దొరుకుతుంది. ఎనిమిది నుంచి తొమ్మిది అడుగుల వెడల్పాటి ఫోమ్‌ బోర్డు తీసుకోండి. చిన్న బోర్డు చూడటానికి అందంగా ఉంటుంది గాని కొత్తవారి బరువును అది తేల్చదు.

సముద్రాన్ని చదవడం

ఈ యాత్రలో మీరు నేర్చుకునే విద్యల్లో నిలబడటం కంటే విలువైనది ఇదే. నీటిలో దిగేముందు ఇరవై నిమిషాలు ఒడ్డున కూర్చుని కేవలం చూడండి. అలలు గుంపులుగా వస్తాయి. కొన్ని పెద్దవి వరుసగా వచ్చాక కొంతసేపు నెమ్మది ఉంటుంది. ఆ నెమ్మదిని చూసి సముద్రం శాంతంగా ఉందనుకుని దిగినవారు తర్వాతి గుంపుకు దొరికిపోతారు.

చూపుకు తోడుగా అంచనాలు కూడా చదవండి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ మన తీరానికి అలల ఎత్తు, గాలి, ప్రవాహాల అంచనాలను, ఉప్పెన వంటి అలల హెచ్చరికలను విడుదల చేస్తుంది. ఆ అంచనాలో అలల ఎత్తు ఒక మీటరని ఉంటే ప్రతి అలా మీటరే ఉంటుందని కాదు. వచ్చే అలల్లో పెద్దవైన మూడోవంతు అలల సగటు ఎత్తు అది, అప్పుడప్పుడు దానికి దాదాపు రెట్టింపు ఎత్తున్న అల కూడా రావచ్చు. కొత్తవారికి అర మీటరు, ముప్పావు మీటరు మధ్య ఉన్న రోజులు చాలు. ఎత్తు పక్కనే సెకన్లలో ఉండే అంకె రెండు అలల మధ్య కాలాన్ని తెలుపుతుంది. ఎత్తు ఒకటే అయినా ఆ సెకన్లు ఎక్కువగా ఉన్న అలలో బలం ఎక్కువ. హిందూ మహాసముద్రం దక్షిణ భాగంలో ఎక్కడో తుపాను గాలులు రేపిన అలలు వేల కిలోమీటర్లు ప్రయాణించి, ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉన్న రోజునే మన తీరాన్ని తాకుతాయి. ముఖ్యంగా ఏప్రిల్‌, మే నెలల్లో మబ్బు లేదు కదా అని ధీమాగా ఉండకూడదు.

గాలి సంగతి తేలికైనదే. తెల్లవారుజామున నేల మీది చల్లగాలి సముద్రం వైపు వీస్తుంది, అందువల్ల అల ముఖం నున్నగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ సముద్రపు గాలి ఒడ్డుకు తిరిగి, నీరు చెదిరిపోతుంది. పాఠం తెల్లవారే పెట్టుకోమనడానికి కారణం ఇదే. అయితే పడమటి గాలి బలంగా ఉన్న రోజున అది బోర్డును, బోర్డు మీద ఉన్నవారిని లోపలికి నెడుతుందని మరవకండి. మన ప్రాంతంలో ఆటుపోట్ల తేడా మీటరుకు అటూ ఇటూ మాత్రమే ఉన్నా, పోటుకు, పాటుకు అల విరిగే చోటు మారుతుంది. నీటి లోతు అల ఎత్తుకు ఇంచుమించు ఒకటింపావు రెట్లకు తగ్గినచోట అల విరుగుతుంది కనుక, అల ఎక్కడ విరుగుతోందో చూస్తే కింద ఇసుక దిబ్బ ఎక్కడుందో తెలిసిపోతుంది.

అందరూ తప్పక తెలుసుకోవలసింది రిప్‌ కరెంట్‌ గురించి. ఒడ్డుకు చేరిన నీరంతా ఇసుక దిబ్బల మధ్య ఇరుకైన సందు గుండా తిరిగి లోపలికి పోయే ప్రవాహం ఇది. రెండు పక్కలా అలలు తెల్లగా విరుగుతూ, మధ్యలో మాత్రం అలలు లేకుండా నీరు నల్లగా, ప్రశాంతంగా కనిపిస్తే, పిల్లలను దింపడానికి అదే మంచి చోటని పెద్దలు పొరబడతారు. ప్రాణాలు పోయేది తరచుగా అక్కడే. దానిలో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకండి. అది మిమ్మల్ని లోపలికి తీసుకుపోతుంది గాని కిందికి లాగదు. బోర్డును వదలకుండా దాని మీద పడుకుని, తీరానికి సమాంతరంగా పక్కకు సాగి, అలలు విరుగుతున్న చోటికి చేరాక వాటితోపాటు ఒడ్డుకు రండి. బలం చాలకపోతే బోర్డు పట్టుకుని చేయి ఎత్తి ఊపుతూ ఉండండి.

తీరం వెంట పారే ప్రవాహం కూడా ఉంటుంది. వేసవిలో అది మన తీరంలో సాధారణంగా ఉత్తరానికి సాగుతుంది. ఒడ్డున ఒక గుడి గోపురమో, సెల్‌ టవరో గుర్తు పెట్టుకుని, దానికి ఎదురుగా ఉన్నారో లేదో మధ్యమధ్యలో చూసుకోండి. జరిగిపోయినట్టు తెలిస్తే నీటిలో ఎదురీదకుండా ఒడ్డెక్కి నడిచి, మొదటి చోటికి రండి.

నీటిలో

గురువు చెప్పినట్టు చేయడమే మొదటి పాఠం కనుక ఇక్కడ కొన్ని జాగ్రత్తలే చెబుతాను. బోర్డును ఎప్పుడూ మీ పక్కన ఉంచుకోండి. మీకూ వచ్చే అలకూ మధ్య అది ఉంటే, అల దానిని మీ ముఖం మీదికే విసురుతుంది. బోర్డును కాలికి కట్టే తాడు వెనుక కాలికే ఉండాలి. నిలబడినప్పుడు కాళ్ల వంక కాక ఒడ్డు వైపు చూడండి, చూపు దిగితే ఒళ్లూ దిగుతుంది. పడక తప్పదు కాబట్టి సరిగ్గా పడటం నేర్చుకోండి. తల ముందుగా దూకకుండా వెడల్పుగా, పైపైన పడాలి, పైకి తేలేటప్పుడు రెండు చేతులు తలకు అడ్డంగా ఉండాలి. ఇసుకలో నడిచేటప్పుడు అడుగెత్తి వేయకుండా పాదాలను ఈడ్చండి. ఇసుకలో కప్పుకుని ఉన్న, తోకలో ముల్లుండే టేకు చేప ఆ కదలికకు తప్పుకుపోతుంది. దాని ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీటిలో పాదం ఉంచి ఆసుపత్రికి వెళ్లాలి. జెల్లీ చేప తగిలితే మంచినీళ్లతో కాక సముద్రపు నీటితోనే కడగండి. ఒకరు అల మీద ఉన్నప్పుడు ఆ అలకు అడ్డం పోకపోవడం ఈ క్రీడలో అందరూ పాటించే మర్యాద.

మన తీరంలో సాధన

కోవళంలో మూడు రోజులు గడిపినంత మాత్రాన ఒంటరిగా దిగే అర్హత రాదు. అనుభవజ్ఞుడైన ఒకరు వెంట ఉండి, నడుము లోతు దాటకుండా, విరిగిన నురగ అలల మీదే సాధన చేసేట్టయితే మైపాడు, కొత్తపట్నం వంటి ఇసుక తీరాలు అనువైనవే. జనం గుమిగూడే చోటికి దూరంగా ఉండండి, మీ బోర్డు స్నానం చేసే పిల్లలకు తగలకూడదు. కృష్ణపట్నం, రామాయపట్నం రేవుల రాతి కట్టల దగ్గర, పెన్న వంటి ఏటి మొగల దగ్గర దిగకండి. అక్కడ ప్రవాహాల తీరు గంటగంటకూ మారుతుంది.

ముందురోజు సాయంత్రమే పాలెం వెళ్లి పెద్దలతో మాట్లాడండి. రేపు పొద్దున దిగాలనుకుంటున్నామని, ఎక్కడ దిగితే వారి పనికి అడ్డం కాదో చెప్పమని అడగండి. అలివి వల వేసినప్పుడు దాని తాళ్లు ఒడ్డునుంచి నీటిలోకి చాలా దూరం ఉంటాయి. వాటిలో బోర్డు చిక్కుకుంటే మీకు ప్రమాదం, వారికి ఆ రోజు కూలి నష్టం. గుంట ఎక్కడ పడిందో, ఈ వారం నీరు ఎటు లాగుతోందో వారు చెప్పినంత కచ్చితంగా ఏ యాప్‌ చెప్పలేదు. వారు వద్దంటే ఆ రోజుకు మానుకోండి, మళ్లీ అడిగి విసిగించకండి. జనవరి నుంచి తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వస్తాయి కనుక, రాత్రిపూట ఇసుక మీద మంటలు వేయడం, టార్చిలైట్లు కొట్టడం, వాహనాలు నడపడం చేయకూడదు.

దిగేముందు ఇంట్లో ఒకరికి ఫోన్‌ చేసి, ఏ పాలెం ముందు దిగుతున్నారో, ఎన్ని గంటలకు బయటికి వస్తారో చెప్పండి. ఒడ్డున ఉండే మనిషి దగ్గర ఛార్జింగ్‌ ఉన్న ఫోన్‌, పొడవైన తాడు, గాలి నింపిన ట్యూబు ఉండాలి. అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, సముద్రంలో ఆపదకు తీర రక్షక దళం 1554 నంబర్లు ఆ మనిషికి తెలిసి ఉండాలి. ఎవరైనా కొట్టుకుపోతుంటే ఈత వచ్చు కదా అని వెంటనే దూకవద్దని, ముందు తేలే వస్తువు విసిరి, పాలెం వారిని కేకేసి పిలవమని ఆ మనిషికి ముందే చెప్పి ఉంచండి.